మొదటి కడుగు

మొన్న మదనపల్లెలో రక్తపరీక్షకని వెళ్ళాను. సూది గుచ్చే ముందు నర్సమ్మ నా మోచేతి మడతలో స్పిరిటు దూదితో రుద్దింది. ఆ కాస్త చోటు చటుక్కున చల్లబడింది. ఘాటైన వాసన ముక్కుకు తగిలి, తగిలినంత వేగంగానే పోయింది. "నొప్పిగా ఉండాదా తాతా?" అని అడిగిందా పిల్ల. ఇంకా సూది గుచ్చనే లేదు. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. నొప్పి కాదమ్మా, కానివ్వు, అన్నాను. ఇదే ఊళ్ళో, నేను మీసాలు రాని కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒకావిడ నా అరచేతిలో ఇలాగే స్పిరిటు చుక్క వేసి, "ఇది యాల చల్లగా ఉండాదో చెప్పప్పా" అని అడిగింది. ఎందుకన్న ఆ ప్రశ్నకు సరైన జవాబు నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళ గురించే ఇది.

ఆవిడ పేరు సుగుణకుమారి. మాకు కెమిస్ట్రీ చెప్పేది. ఊదారంగు అంచు చీర, జేబు గడియారంలా క్షణం తప్పని చూపు, ఎప్పుడూ ఒక చేతికి ఆసిడ్ మరక. నాది పుంగనూరు పక్క పల్లె. మా తాత కాలంలో ఏ అధికారి ఊళ్ళోకి వచ్చినా ముందు మా అరుగు మీద కూర్చున్నాకే తక్కిన పని. నాకు ఊహ తెలిసేసరికి అరుగు మిగిలింది, కూర్చునేవాళ్ళు మిగల్లేదు. దీన్ని ఫిర్యాదుగా రాయడం లేదు. ఎవరి జాలీ మా ఇంటికి అక్కర్లేదు, అప్పుడూ అక్కర్లేదు. నడుం నిటారుగా పెట్టుకుని ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి కనుకనే ఆవిడ ఆ చుక్క నా చేతిలో వేసిందనుకుంటాను. "స్పిరిటు చల్లనిది కాబట్టి" అన్నాను గట్టిగా. ఆవిడ సీసా నా చేతికిచ్చి, "తాకి చూడు, చల్లగా ఉండాదా?" అంది. లేదు. గదిలో ఉన్న వెచ్చదనమే సీసాకూ ఉంది. క్లాసు కిసుక్కుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆవిరై పోతా పోతా నీ చేతిలో వేడిని ఎత్తుకోనిపోయింది. ఏదీ ఊరికే పోదప్పా. పోయేది యాడికి పోతాండాదో చూసుకుంటే చాలు, సగం కెమిస్ట్రీ వచ్చినట్టే" అంది.

డెబ్భైల చివర్లో ఆవిడ కాలేజీ మానేసి కుప్పంలో చిన్న ల్యాబు పెట్టింది. పాత పట్టుగూళ్ళ గోదాం అది. గోడలకు పట్టుపురుగుల కమురు వాసన ఎన్నడూ పోలేదు. శాంతిపురం వైపు రైతులు వేసిన దవనం, మల్లె, ఇంకా ఏవేవో ఆకులూ పూలూ తెచ్చి, వాటి సారం తీసి, బెంగళూరు అత్తరు వ్యాపారులకు అమ్మేది. నేను డిగ్రీ పూర్తి చేసి, ఏ ఉద్యోగానికీ ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడలేక ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు ఆవిడ మదనపల్లె బస్టాండులో కనిపించింది. పై నుంచి కింది దాకా చూసి, "డిగ్రీ ఉండాది, పని లేదు. వంగాలంటే నీకు నడుం నొప్పి. మా ల్యాబులో వంగే పని లేదులే, నిలబడే పనే. వస్తావా?" అంది. ఆ మాటలో ఎగతాళి ఉందని తెలుసు. అయినా మర్నాడు కుప్పం బస్సెక్కాను. నన్ను ఎగతాళి చేస్తూనే నా గౌరవాన్ని కాపాడిన మనిషిని అంతకు ముందు చూడలేదు.

ఆ గోదాం నడుమ బల్ల మీద ఉండేది రోటరీ ఎవాపరేటరు. మేమంతా తిరుగుడు బుడ్డి అనేవాళ్ళం. గుండ్రని గాజు బుడ్డి ఒకటి ఏటవాలుగా వేడినీళ్ళ తొట్టిలో సగం మునిగి ఉంటుంది. దాని మెడను ఒక మోటారు పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. పైన గాజు గొట్టంలో చుట్టలు చుట్టుకున్న మరో గొట్టం, అందులో ఐసు నీళ్ళు పారుతుంటాయి. దాని కింద ఇంకో బుడ్డి వేలాడుతుంటుంది. వీటన్నిటిలోంచీ గాలిని లాగేసే పంపు ఒకటి. ఆకులు నానబెట్టి వడగట్టిన స్పిరిటును తిరిగే బుడ్డిలో పోస్తే, స్పిరిటు ఆవిరై పైకి పోయి, చల్లని చుట్టకు తగిలి మళ్ళీ చుక్కలై పక్క బుడ్డిలోకి రాలుతుంది. ఆకు సారం మాత్రం తిరిగే బుడ్డిలోనే చిక్కబడుతుంది. స్పిరిటు చేతికి తిరిగొస్తుంది, దానితో మళ్ళీ ఆకు నానబెట్టవచ్చు. కుప్పంలో ఐసు దొరక్క, రైల్వే స్టేషను దగ్గర సోడా కొట్టువాడి చేత ఊక కప్పిన గడ్డలు తెప్పించేవాళ్ళం. నీళ్ళ ధారతోనే గాలిని లాగే పంపు అది, ఆ ఊళ్ళో అన్ని నీళ్ళెక్కడివి? ఒకే తొట్టి నీళ్ళు తిరిగి తిరిగి వచ్చేలా పంపును అమర్చినవాడు కరీం భాయ్. ఫిట్టరు. నన్ను మొదటి రోజు నుంచీ దొరా అనే పిలిచేవాడు. అది మర్యాదో వెక్కిరింతో అడిగే చనువు నేనివ్వలేదు, తేల్చి చెప్పే ఉద్దేశం అతనికీ లేదు.

నాకు మొదట ఆ యంత్రం మీద గౌరవం కలగలేదు. మా ఇంట్లో రాగి బానలో దవనం నూనె తీసేవాళ్ళు. చింతకట్టెల మంట పెట్టి, బాన గుయ్యిమనేలా కాచేవాళ్ళు. "ఇంత గోరువెచ్చని నీళ్ళకు స్పిరిటు ఎలా మరుగుతుంది మేడం?" అని అడిగాను. "హార్స్‌లీ కొండకు పోయినావా ఎప్పుడైనా?" అంది. మా తాతతో పోయానన్నాను. "ఆడ పప్పు ఉడికిందా?" నాకు గుర్తొచ్చింది. నీళ్ళు తొందరగా మరిగాయిగానీ పప్పు పలుకుగానే ఉండిపోయిందని మా వంటమనిషి గొణిగాడు. "కొండ మీద గాలి బరువు తక్కువ. బరువు తగ్గితే ఏ నీళ్ళయినా తక్కువ వేడికే మరుగుతాయి. ఈ పంపు గాలిని లాగేసి, ఈ బుడ్డిలో ఆ కొండను మించిన కొండను పెడతాండాది. మంట పెంచకుండానే మరుగుతాది, వాసన మాడదు." మరి తిప్పడమెందుకన్నాను. "దోసె పలచగా పోస్తే ఎంతసేపట్లో కాలుతాది? ముద్దగా పోస్తే? తిరిగితే గోడంతా పలచని పూత మాదిరి అంటుకుంటాది. ఆ పూతలోంచి ఆవిరి తొందరగా పోతాది. ఊరికే ఉంచి కాస్తే అడుగున కుతకుతలాడి ఎగిరి దూకుతాది." మందుల కంపెనీల్లో, రంగుల కంపెనీల్లో, పెద్ద కాలేజీ ల్యాబుల్లో అంతా ఇదే పనంది, ఏదో ఒకదాంట్లో కరిగినదాన్ని మాడకుండా విడదీయడమే. బెంగళూరులో ఒకచోట నీళ్ళ కడవ కన్నా పెద్ద బుడ్డి తిరుగుతుంటే చూశానని, దాన్ని గొలుసుతో పైకెత్తుతారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా అయ్యాయి.

వీధిలోవాళ్ళకు మాత్రం మేం సారాయి కాస్తున్నామనే నమ్మకం. ఒకసారి ఎక్సైజు మనిషి వచ్చి, స్పిరిటు పర్మిట్టు చూసి, తిరిగే బుడ్డి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "తాగితే ఎట్లుంటాది?" అని ఆశగా అడిగాడు. "ఆ బుడ్డి తిరుగుతాండాదే సార్, అట్లుంటాది" అన్నాడు కరీం భాయ్.

ఆ ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది. బుడ్డి ఎవరు నడిపితే వాళ్ళే కడగాలి. మొదట కాస్త స్పిరిటు పోసి, బుడ్డిని వంచి తిప్పి, గోడకంటిన సారాన్నంతా కరిగించి, ఆ మొదటి కడుగును తిరిగి సారంలోకే పోయాలి. ఆ తర్వాతే సబ్బూ నీళ్ళూ. మా ఇంట్లో మగవాళ్ళు తిన్న పళ్ళెం ఎత్తి ఎరగరు. నేను బుడ్డిని తొట్టి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. "దొర చేతులు చక్కెరతో చేసినారు, తడిస్తే కరుగుతాయి" అనేవాడు కరీం భాయ్. మేడం ఒక్కసారి కూడా కడగమని ఆజ్ఞాపించలేదు. నా బుడ్డి తనే తీసుకుని, నా ఎదురుగానే వంచి తిప్పి, మొదటి కడుగును సారంలో కలిపేది. "బుడ్డి నీది, కడుగూ నీదే. నీది పారబోయలేక నేను కడుగుతాండా" అని మాత్రం ఒకసారి అంది. కసిరితే ఎదురు తిరిగేవాణ్ణి. ఆవిడ కసరలేదు. నేనూ మారలేదు.

అప్పుడే మా ఊరి పూజారి మునెప్ప నన్ను వెతుక్కుంటూ కుప్పం వచ్చాడు. మా ఊరి గంగమ్మ జాతరలో అమ్మవారికి మొదట రాసేది మా ఇంటి దవనం నూనె. దాన్ని ఇంటి పెద్ద తన చేత్తో తీయాలి, కొన్నది పనికిరాదు. భూములు పోయినా, పాడి పోయినా, ఆ ఒక్క మర్యాద మాకు మిగిలింది. మా నాన్న కాలంలోనే రాగి బాన ఇల్లు దాటింది. తాత తీసిపెట్టిన పాత నూనెనే కొంచెం కొంచెంగా వాడుకుంటూ వచ్చాం. కిందటి జాతరకు అదీ అడుగంటింది. నాన్న పోయాక ఇంటి పెద్దను నేనే. మునెప్ప గోదాం వాకిట్లోనే నిలబడి, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటూ చెప్పాడు. "ఈ తూరి మీ ఇంట్నుంచి నూనె రాకుంటే మర్యాద వేరే ఇంటికి పోతాదప్పా. నా చేతిలో ఏముండాది? ఊరు అనుకునింది. మీ తాత ఉప్పు తిన్నోణ్ణి, ముందుగా చెప్పిపోదామని వచ్చినా." కాఫీ తాగి పొమ్మన్నా వినలేదు.

నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. రెండు మూడు రోజులు గొంతులోనే తిప్పుకుని, చివరికి, "ఆదివారం మిషను ఖాళీగా ఉంటుందా మేడం?" అన్నాను. "యాల?" అంది. చెప్పాను. ఆవిడ చర్చికి పోయే మనిషి. జాతర అంటే ముఖం చిట్లిస్తుందనుకున్నాను. "మీ గంగమ్మ సంగతి నాకు తెలీదు, వాసన సంగతి తెలుసు. ఆకు నానబెట్టుకో. నీ చెయ్యే పడాలంటాండావు గదా, నేను వేలు కూడా పెట్టను" అంది. శాంతిపురం నుంచి నీడలో ఆరబెట్టిన దవనం తెచ్చాను. స్పిరిటులో నానబెట్టి వడగట్టాను. పచ్చగా, కళ్ళు మూసుకుంటే మా పెరడే ముందుకొచ్చేంత వాసనగా వచ్చింది. ఆదివారం ఆవిడ చర్చి నుంచి నేరుగా వచ్చి, ముక్కాలి పీట మీద చేతులు కట్టుకుని కూర్చుంది. కరీం భాయ్ ఐసు గడ్డలు కొట్టి చుట్టకు పారే నీళ్ళలో వేశాడు. నేను బుడ్డి తగిలించి, తిప్పి, పంపు వేశాను.

మెల్లగా సాగింది. చాలా మెల్లగా. పుంగనూరుకు పలమనేరు మీదుగా పోయే సాయంత్రం బస్సు నేనందుకోవాలి. మర్నాడే జాతర. ఐసు కరిగిపోతోంది. పక్క బుడ్డిలో స్పిరిటు చుక్క చుక్కగా రాలుతుంటే మా తాత మాట చెవిలో మోగింది. పొయ్యి గర్జిస్తేనే నూనె దిగుతుందనేవాడు ఆయన. వేడినీళ్ళ తొట్టి మీట చివరిదాకా తిప్పాను. "నక్కో దొరా, నక్కో, వద్దు!" అని కరీం భాయ్ అరిచేలోగానే పచ్చని ద్రవం బుడ్డిలో పాలు పొంగినట్టు పొంగింది. మెడ దాటింది, చల్లని చుట్ట మీదంతా పాకింది, పక్క బుడ్డిలోని తేట స్పిరిటును పచ్చగా చేసింది. మంట పెట్టడం తప్ప తొందరపడటం ఇంకోలా తెలియని ఇంట్లో పుట్టినవాడు చేసే పనే చేశాను. మోటారు ఆపాను. తిరిగే బుడ్డిలో అడుగున కాస్త నురగ తప్ప ఏమీ లేదు.

"ఊరికి పోయి, మర్యాద ఎవరికిస్తారో ఇచ్చుకోమని చెప్పొస్తాను" అన్నాను. మేడం పీట మీద నుంచి లేవలేదు.

"ఏమి పోయింది?" అని అడిగింది.

"అంతా పోయింది కదా మేడం."

"యాడికి పోయింది? నేల మీద పడిందా? గోడ దాటి పోయిందా? ఈ గాజు లోపలే కదా ఉండాది. కడుగు."

నేను కదల్లేదు. కరీం భాయ్‌కి నా మీద జాలేసినట్టుంది. ముందుకొచ్చి, "ఇట్లియ్యి దొరా, నేను కడిగిస్తా" అని చుట్ట గొట్టం మీద చెయ్యి వేశాడు. "వద్దు కరీం" అంది మేడం, చాలా గంభీరంగా. "ఆ ఇంటి చెయ్యే పడాలంట." అని, ఇక ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరీం భాయ్ గోడ వైపు తిరిగి భుజాలు ఎగరేసుకుంటూ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ గోదాంలో నేను నవ్వడం అదే మొదటిసారని తర్వాత కరీం భాయ్ అందరికీ చెప్పుకున్నాడు.

చొక్కా చేతులు మడిచాను. గొట్టాలన్నీ ఒక్కొక్కటే విప్పాను. చుట్ట మీద పై నుంచి స్పిరిటు పోసి, చేత్తో తిప్పుతూ, కింద గిన్నె పట్టాను. పచ్చని చారలు మెల్లగా జారి దిగాయి. కీళ్ళ సందుల్లో, మెడ లోపల, మూత అంచున, వేలికి అందనిచోటల్లా మా ఇంటి మర్యాద పలచని పూతలా అంటుకుని ఉంది. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క చుక్క పారబోయకుండా అంతా కడిగి తీశాను. నడుం నొప్పి పుట్టింది. ఆవిడ చూస్తూనే ఉంది. "చుట్ట వెనకవైపు ఇంకా ఉండాది సూడు" అని ఒకటి రెండు సార్లు అందే తప్ప వేలు పెట్టలేదు. ఆ కడుగునూ, పక్క బుడ్డిలోని పచ్చని స్పిరిటునూ తిరిగి బుడ్డిలో పోసి, మీటను తగ్గించి, ఈసారి అది మరిగేదాకా నేనే ఓపిక పట్టాను. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. చివరికి బుడ్డి అడుగున ముదురు తేనెలాంటిది మిగిలింది. చిన్న సీసాలో పట్టింది. ఆఖరున బుడ్డికి ఇచ్చిన మొదటి కడుగును కూడా ఇంకించి అందులోనే కలిపాను. తెల్లవారుతూనే మొదటి బస్సెక్కాను.

గుడి ముందు మునెప్ప సీసా అందుకుని అనుమానంగా చూశాడు. "నిప్పు లేకుండా తీసినారంటనే, అదేం నూనె? సారాయిలో నానేసినారని గూడా అంటాండారు" అన్నాడు. పక్కనున్న మా అవ్వ, తాత భార్య, చేతికర్ర నేల మీద కొట్టి, "సారాయి మన గంగమ్మకు కొత్తా ఏమిరా మునెప్పా? పోయిన జాతరలో నువ్వు పోసింది పాలా?" అంది. జనం గొల్లుమన్నారు. మునెప్ప మూత తీశాడు. వాసన మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోవడం నేను కళ్ళారా చూశాను. ముందు వరసలోవాళ్ళు మాట ఆపారు, తర్వాత వెనక వరస. అమ్మవారి నుదుట మా ఇంటి నూనె ఎక్కింది. మర్యాద మా ఇంట్లోనే ఉండిపోయింది.

అవ్వ తన వేలికి కాస్త రాయించుకుని, చాలాసేపు వాసన చూసింది. "బాగుండాది నాయనా. అయితే మీ తాత నూనెలో పొగ ఉండేది. దీంట్లో ఆకు ఒక్కటే ఉండాది" అంది. తప్పు పట్టలేదు, ఉన్నమాట చెప్పింది. చిన్నప్పటి నుంచీ మా ఇంటి వాసన అని నేను గర్వపడినదానిలో సగం మా పొయ్యి పొగేనన్నమాట. దవనం అసలు వాసనను మా వంశంలో మొదటిసారి చూసింది నేనే.

కుప్పం వెళ్ళి ఈ మాట చెబితే మేడం, "పొగ కావాల్సి ఉంటే చెప్పకపోయినావా, కరీం బీడీ ఉండాది గదా" అంది. మళ్ళీ తనే, "మీ తాతను చిన్న చెయ్యొద్దప్పా. ఆయన చేతిలో ఉండేది రాగి బాన, చింతకట్టెలు. దాంతోనే మాడనీకుండా తీసినాడంటే గొప్పోడే" అంది. ఆ మాట అనకపోతే నేను ఆవిడకు శిష్యుణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. అన్నందువల్ల ఇంకేదో అయ్యాను. దానికి సరిపోయే చుట్టరికం పేరు మా వైపు లేదు.

తర్వాత ఆవిడ ఆరోగ్యం చెడి ల్యాబు మూతపడింది. కొన్నాళ్ళకు ఆవిడా పోయింది. నేను బెంగళూరులో ఒక మందుల కంపెనీలో చేరాను. ఆవిడ చెప్పిన కడవ కన్నా పెద్ద బుడ్డి అక్కడ తిరుగుతుంటే చూశాను. గొలుసుతో దాన్ని పైకెత్తినప్పుడల్లా ఆవిడ కళ్ళు గుర్తొచ్చేవి. నా కింద పనిచేసిన కుర్రవాళ్ళకు నేనూ ఏదీ ఆజ్ఞాపించలేదు. వాళ్ళ బుడ్డిని వాళ్ళ ఎదురుగా నేనే కడిగేవాణ్ణి. ఎక్కువ రోజులు కడగాల్సి వచ్చేది కాదు. అంత మొండివాడు నా తర్వాత ఎవరూ రాలేదు.

పరీక్ష నుంచి ఇంటికొచ్చి, డాక్టరు రాసిన మందు చిన్న మూతలో పోసుకుని తాగాను. మూతలో కాస్త నీళ్ళు పోసి, ఏటవాలుగా వంచి, మెల్లగా తిప్పాను. గోడకంటిన పూత కరిగి నీళ్ళు రంగు తిరిగాయి. ఆ మొదటి కడుగును కూడా తాగాను. భోజనం కాగానే నా పళ్ళెం నేనే ఎత్తి కడుక్కున్నాను. మా వంశంలో ఆ పని చేసిన మొదటి మగవాణ్ణి నేను. ఈ మాటను నడుం నిటారుగా పెట్టుకునే రాస్తున్నాను.